తుఫాను మా మీదకు రాలేదు, వేరేవాళ్ల మీద పడింది. మా ప్రార్థన విన్నట్టా?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. తుఫాను హెచ్చరిక రాగానే మీ సంఘంలో రెండు రాత్రులు విజ్ఞాపన ప్రార్థన పెట్టారు. తుఫాను దారి మళ్లి మీకు దూరంగా వేరే చోట తీరం దాటింది. అక్కడ ఇళ్లు కూలాయి, మనుషులు పోయారు. ఇప్పుడు మీ సంఘంలో కృతజ్ఞతా కూడిక పెడుతున్నారు, మిమ్మల్ని సాక్ష్యం చెప్పమన్నారు. మీకేమో నోరు రావడం లేదు. అక్కడి విశ్వాసులు మాత్రం ప్రార్థించలేదా? మన ప్రార్థనకు నిజంగా శక్తి ఉందా, లేక గాలి ఎటు తోస్తే తుఫాను అటు పోయిందా? మళ్లీ ఇలాంటిది వస్తే ఏమని ప్రార్థించాలి? ఇవీ మీ ప్రశ్నలు.

సూటిగా చెప్తాను. విజ్ఞాపన ప్రార్థనకు శక్తి ఉందనే నేను నమ్ముతాను. అయితే మన మీదకు వచ్చేదాన్ని ఇంకొకరి మీదకు నెట్టే శక్తి కాదది. తుఫాను దారిని బట్టి ఎవరి ప్రార్థన విన్నాడో, ఎవరిది వినలేదో లెక్క తేల్చే పద్ధతి బైబిల్లో నాకు ఎక్కడా కనబడలేదు. మీకు నోరు రావడం లేదంటే అది అవిశ్వాసం అనుకోకండి. అవతలివాళ్లు మీకు గుర్తున్నారు, అంతే. విజ్ఞాపన మొదలయ్యేది అక్కడే.

నేను పాస్టర్‌ని కాను. ఇరవై రెండేళ్లుగా ఒక సంఘంలో ప్రార్థన బృందాన్ని చూసుకుంటున్నాను. వరదలు, తుఫానులు వచ్చినప్పుడు సహాయ శిబిరాల్లో కూడా పనిచేస్తుంటాను. మైకు ముందు మనం అనే మాట, శిబిరంలో కూర్చున్న మనిషి చెవికి ఎలా వినబడుతుందో నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఎలా నేర్చుకున్నానో చెప్తాను.

పదిహేడేళ్ల కిందటి సంగతి. అచ్చం మీలాంటి పరిస్థితే. రాత్రంతా మోకాళ్ల మీద ఉన్నాం. తెల్లారేసరికి తుఫాను ఉత్తరానికి తిరిగిందని వార్తల్లో చెప్పారు. ఆ ఆదివారం మైకు నా చేతికిచ్చారు. "మన ప్రార్థనలు గోడలా నిలబడ్డాయి, ఆ గోడకు తగిలి తుఫాను పక్కకు తిరిగింది" అన్నాను. హాలంతా హల్లెలూయాలతో మారుమోగింది. కూడిక అయిపోయాక గేటు దగ్గర ఒక సహోదరి నా కోసం ఆగి ఉంది. కోపంగా ఏం లేదు. "అన్నా, మా తమ్ముడు వాళ్లుండేది ఆ ఉత్తరం వైపే. వాళ్లూ రాత్రంతా ప్రార్థించారు. రెండు రోజుల నుంచి ఫోన్ కలవడం లేదు. మన గోడకు తగిలే అటు పోయిందంటారా?" అని అడిగింది. బండి తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏం చెప్పాలి?

తమ్ముడు బతికే ఉన్నాడని రెండు రోజుల తర్వాత తెలిసింది, ఇల్లు మాత్రం పోయింది. అప్పటి నుంచి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. సాక్ష్యం చెప్పేటప్పుడు, నష్టపోయిన మనిషి మొదటి వరుసలో కూర్చున్నాడనుకుని చెప్పాలి. అతని ముఖం చూసి చెప్పలేని మాట మైకులో కూడా చెప్పకూడదు.

ఇక గాలి సంగతి. తుఫాను తనంతట తాను దారి ఎంచుకోదు. చుట్టూ ఉన్న పెద్ద పెద్ద గాలి ప్రవాహాలు దాన్ని ఈడ్చుకుపోతుంటాయి. అందుకే వాతావరణ శాఖ వాళ్లు దాని దారిని ఒక గీతగా ఇచ్చి ఊరుకోరు. ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటులా చూపిస్తారు. అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం గీసే గరాటునే తీసుకోండి, సుమారు మూడింట రెండు వంతుల సార్లు తుఫాను కేంద్రం దాని లోపల ఉండేలా గీస్తారు. అంటే మూడోసారి బయటికి పోవడం కూడా వాళ్ల లెక్కలో ఉన్నదే. మనం "దారి మళ్లింది, అద్భుతం" అనేవాటిలో చాలా భాగం ఆ గరాటు లోపలే జరిగి ఉంటాయి. ఈ మాట మా బృందంలో చెప్పినప్పుడు ఒకరిద్దరు ముఖం మాడ్చుకున్నారు. నా విశ్వాసానికి దీనివల్ల వచ్చిన నష్టమేమీ లేదు. గాలుల్ని చేసినవాడు గాలుల ద్వారా పనిచేయకూడదని ఎవరన్నారు? కాకపోతే వార్తలు సరిగా చదవకుండా అద్భుతం అని ప్రకటించేస్తే, రేపు సంఘంలోని పిల్లలు ఆ మ్యాప్ చూపించి మనల్ని అడుగుతారు. అడగాలి కూడా.

"మరి యేసు గాలిని గద్దించలేదా?" అని మీకు అనిపించవచ్చు. గద్దించాడు. మార్కు 4వ అధ్యాయంలో ఆయన లేచి ఆగమంటే గాలి అణిగిపోయింది. ఏలీయా ప్రవక్త ప్రార్థిస్తే వాన ఆగింది, మళ్లీ ప్రార్థిస్తే కురిసింది. యాకోబు తన పత్రికలో ఆ సంగతి రాస్తూ, ఏలీయా మనలాంటి స్వభావం ఉన్న మనిషే అంటాడు. కాబట్టి "ప్రభువా, ఆపు" అని అడగడానికి నేనెప్పుడూ సిగ్గుపడను, ఇప్పటికీ అడుగుతాను. కానీ దాన్నొక ఫార్ములాగా మార్చేస్తే చరిత్ర ముందు నిలబడలేం. 1755 నవంబర్ 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చింది. ఆ రోజు సర్వ పరిశుద్ధుల పండుగ. ఉదయం ఆరాధన వేళ, జనం చర్చీల్లో ఉన్నారు. కప్పులు కూలి మోకాళ్ల మీద ఉన్నవాళ్ల మీదే పడ్డాయి. పండుగకు వెలిగించిన కొవ్వొత్తులు కూడా ఆ తర్వాత చెలరేగిన మంటలకు తోడయ్యాయి. ప్రార్థించనందుకు పోయారు అని వాళ్ల గురించి ఎవరు అనగలరు?

యేసు కూడా ఈ లెక్కను ఒప్పుకోలేదు. లూకా 13లో సిలోయము గోపురం పడి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి ఆయనే ఎత్తి, వాళ్లు యెరూషలేములో మిగతా అందరికంటే అపరాధులని అనుకుంటున్నారా అని అడిగి, కాదు అని తానే జవాబిచ్చాడు. ఆపద వచ్చిన ప్రతిసారీ "అక్కడ పాపం పండింది" అని వీడియోలు పెట్టేవాళ్లకు నేను ఈ అధ్యాయం ఒక్కటే పంపిస్తుంటాను. ఇంతవరకు తిరిగి జవాబు రాలేదు!

అసలు విజ్ఞాపన అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. మన కోసం మనం అడగడం కాదది, ఇంకొకరి పక్షాన నిలబడి అడగడం. యెహెజ్కేలు 22:30లో దేవుడు, బద్దలైన సందుల్లో నిలబడే మనిషి కోసం వెతికాను, ఒక్కడూ కనబడలేదు అంటాడు. కోటగోడ పగిలిన చోట నిలబడినవాడికి దెబ్బ ముందు తగులుతుంది. "మమ్మల్ని తప్పించు" అనడంలో తప్పు లేదు, పిల్లల్ని పొదువుకున్న తల్లి నోట ముందొచ్చే మాట అదే. కానీ విజ్ఞాపన దగ్గరికి ఇంకా రాలేదు. మీ బృందాన్ని ఒక ప్రశ్న అడిగి చూడండి: మనం దారి మళ్లించమన్నాం కదా, ఎటు మళ్లించమన్నాం? మా దగ్గర ఈ ప్రశ్న వచ్చాక ప్రార్థన మాటలే మారిపోయాయి. వేడెక్కిన సముద్రపు నీరే తుఫానుకు ఇంధనం. అందుకని ఇప్పుడు "సముద్రం మీదే దాని బలం తగ్గించు, ఎవరి మీద పడినా వాళ్లను ముందే సురక్షితంగా చేర్చు" అని అడుగుతున్నాం. ఇలా అడిగినప్పుడు అవతల ఎవరి పేరూ మన నోటితో మనమే కొట్టేయం.

ఆమోసు 7వ అధ్యాయం చదవండి. నా దృష్టిలో ప్రకృతి విపత్తుల్లో ప్రార్థనకు అంతకంటే మంచి పాఠం లేదు. మిడతల దండు మొలకలన్నిటినీ తినేస్తున్న దృశ్యం దేవుడు చూపిస్తాడు. ఆమోసు వెంటనే క్షమించమంటాడు. ఏ కారణం చూపిస్తాడు? మా జనం మంచివాళ్లు అనడు. ఉపవాసం ఉన్నాం అనడు. యాకోబు, అంటే ఇశ్రాయేలు జనం, చిన్నవాడు, ఎలా తట్టుకుంటాడు అంటాడు. అంతే! తర్వాత అగ్ని కనబడితే మళ్లీ అదే మాట. రెండుసార్లూ దేవుడు మనసు మార్చుకున్నాడని రాసి ఉంది. మూడోసారి మట్టపుగుండు, అంటే గోడ నిటారుగా ఉందో లేదో చూసే గుండు, దర్శనం వస్తుంది, అక్కడ ఆమోసు విజ్ఞాపన కనబడదు, ఆ తీర్పు ఆగదు. ఇంతమంది నీతిమంతులుంటే ఊరిని వదిలేస్తావా అని అబ్రాహాము సొదొమ కోసం యాభై నుంచి పది దాకా బేరమాడాడు, ఊరు మాత్రం దక్కలేదు. కానీ ఆదికాండము 19:29లో ఒక చిన్న వాక్యం ఉంది. దేవుడు అబ్రాహామును జ్ఞాపకం చేసుకుని, ఆ ఊళ్లో ఉన్న అతని సోదరుడి కొడుకు లోతును బయటికి పంపాడట. అబ్రాహాము తన ప్రార్థనలో లోతు పేరు ఎత్తనైనా ఎత్తలేదు.

ఇక పౌలు ఓడ. దీని మీద కొంచెం ఆగుతాను. విపత్తు వచ్చిన ప్రతిసారీ మా బృందం చదివేది అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమే. పౌలు ఖైదీగా ప్రయాణం చేస్తున్నాడు. ఇప్పుడు బయల్దేరొద్దు, నష్టం వస్తుందని ముందే చెప్పాడు. శతాధిపతి, అంటే వందమంది సైనికుల మీది అధికారి, అతని మాట కాదని ఓడ నడిపేవాడి మాట, యజమాని మాట నమ్మాడు. పెనుగాలి పట్టుకుంది. చాలా రోజులు సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. ఆ చీకట్లో దూత వచ్చి, నీతో ఓడలో ఉన్నవాళ్లందరినీ దేవుడు నీకు అనుగ్రహించాడు అన్నాడు. "నీకు అనుగ్రహించాడు" అన్న మాట చూడండి. పౌలు వాళ్ల కోసం అడిగాడని అక్కడ రాసి లేదు కానీ, అడిగి ఉంటాడనే నా నమ్మకం. మొత్తం 276 మంది, వాళ్లలో ఖైదీలున్నారు, సైనికులున్నారు, అతని మాట వినని శతాధిపతీ ఉన్నాడు.

అందరూ బతుకుతారని అంత ఖచ్చితమైన మాట దొరికాక పౌలు ఏం చేయాలి? మనమైతే పాటలు అందుకునేవాళ్లం. అతను ఓడవాళ్ల మీద ఒక కన్నేసి ఉంచాడు. లంగరు వేస్తున్నట్టు నటిస్తూ వాళ్లు చిన్న పడవ దించి పారిపోబోయారు. పౌలు పట్టేసి, వీళ్లు ఓడలో ఉంటేనే మీరు బతుకుతారు అని శతాధిపతికి చెప్పాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. పద్నాలుగు రోజులుగా సరిగా తినలేదు, తినండి, ప్రాణం నిలవాలంటే తినాలి అని బతిమాలాడు. ఓడ చివరికి ముక్కలైంది. ఈత వచ్చినవాళ్లు దూకారు, రానివాళ్లు పలకలు, ఓడ చెక్కలు పట్టుకుని ఒడ్డు చేరారు. ఒక్కరూ పోలేదు. ఒడ్డు మీద వాన, చలి. అక్కడివాళ్లు మంట వేస్తే, దూతతో మాట్లాడిన మనిషి వంగి పుల్లలు ఏరుతున్నాడు.

నాకు ప్రార్థనంటే ఆ పుల్లలతో సహా. అందుకే ఖాళీ చేయమని అధికారులు చెప్పాక "మేం ఇక్కడే ఉండి ప్రార్థిస్తాం" అనడాన్ని నేను విశ్వాసం అనను. దేవాలయ శిఖరం మీది నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని యేసుతో అన్నది సాతాను అని గుర్తు చేసుకోండి. యేసు దూకలేదు. తుఫానుల్లో గాలికంటే నీళ్లే ఎక్కువ ప్రాణాలు తీస్తాయి, ఉప్పెన లేచిందంటే తేరుకునే టైమే ఉండదు. ఒకసారి ఒక ముసలాయన ఇల్లు కదలనని మొండికేశాడు. "దేవుడు కాపాడతాడయ్యా" అన్నాడు. మాతో వచ్చిన ఒక కుర్రాడు బండి హారన్ కొట్టి, "తాతా, ఆయన పంపిన బండే ఇది, డీజిల్ అయిపోతోంది" అన్నాడు. ఎక్కాడు. మా అదృష్టం, తాతకు కాస్త సరదా ఉంది.

"ప్రార్థన పనిచేస్తుందని శాస్త్రం నిరూపించింది" అని వాట్సాప్‌లో తిరిగే మాటల గురించి కూడా ఒక మాట. 1988లో 393 మంది గుండె రోగుల మీద వచ్చిన ఒక అధ్యయనం ప్రార్థన వైపు మొగ్గింది, అందరూ దాన్నే పంపిస్తుంటారు. 2006లో వచ్చిన ఇంకా పెద్దది, బైపాస్ చేయించుకున్న 1802 మంది మీద జరిగింది, ఎవరూ పంపరు. అందులో ప్రార్థన అందినవాళ్లకూ అందనివాళ్లకూ తేడా లేదు, ఆపరేషన్ తర్వాత సమస్యలు వచ్చినవాళ్లు 52 శాతం, 51 శాతం. పైగా మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారు అని ముందే చెప్పిన గుంపులో 59 శాతం మందికి సమస్యలు వచ్చాయి. ఎందుకో ఖాయంగా తేలలేదు. "నాకు అంత సీరియస్‌గా ఉందా" అని టెన్షన్ పడి ఉంటారని కొందరి ఊహ. దేవుణ్ణి పరీక్షనాళికలో పెట్టి కొలవడం కుదరదనే నేనూ అనుకుంటాను, కానీ అలా అనేవాళ్లు మొదటి అధ్యయనాన్ని కూడా పక్కన పెట్టాలి. గెలిచినప్పుడు ఒక న్యాయం, ఓడినప్పుడు ఇంకో న్యాయం ఉండకూడదు కదా. ఆ 59 శాతం నుంచి నేను నేర్చుకున్నదొకటుంది. బాధితుడి ఎదురుగా నిలబడి "వందమంది నీ కోసం ఉపవాసం ఉన్నారు" అని చెప్పడం మానేశాను. ఎంత మంచి మనసుతో చెప్పినా ఒక్కోసారి అది బరువే.

ఇప్పుడు మీరు అడగకపోయినా అడగబోయే ప్రశ్న. ప్రార్థించాం, జవాబు రాలేదు, అప్పుడేంటి?

ఒక వరదలో ఒక కుర్రాడు కొట్టుకుపోయాడు. రెండు రాత్రులు గంటకొకరు చొప్పున గొలుసు ప్రార్థన నడిపాం. నేను తెల్లవారుజామున మూడు నుంచి నాలుగు. నిజంగా దొరుకుతాడనే అనుకున్నాను, లోపల ఏదో ధైర్యం. మూడో రోజు శవం దొరికింది. వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లేటప్పుడు దారంతా వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. వెళ్లేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని పిల్లాడి నోటు పుస్తకాలు ఆరబెడుతున్నాడు. తడిసి అంటుకుపోయిన పేజీల్ని ఒక్కొక్కటిగా విడదీస్తున్నాడు. నేను నోరు తెరవబోతే, "ఏం చెప్పొద్దు, కూర్చోండి" అన్నాడు. కూర్చుని నేనూ ఒక పుస్తకం తీసుకున్నాను. లెక్కల పుస్తకం. సిరా చెదిరిపోయింది కానీ ఎర్ర సిరా టిక్కులు అలాగే ఉన్నాయి. గంటన్నర సేపు ఇద్దరం పేజీలు విడదీశాం. లేచేటప్పుడు ఆయన నా చేయి పట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

ఎందుకు దొరకలేదు అంటే నా దగ్గర జవాబు లేదు. ఇరవై రెండేళ్లలో దొరకలేదు, ఇక దొరుకుతుందన్న ఆశా లేదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు, వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోళ్లు తెరిచాకే అంతా చెడింది. రోమా 8:26 ప్రకారం మనకు ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ తానే ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో విజ్ఞాపన చేస్తాడు. మాటలు లేని ప్రార్థన ఉందని సాక్షాత్తూ వాక్యమే చెబుతోంది. ఆ గంటన్నరను నేను ప్రార్థన కిందే లెక్కేసుకుంటాను.

సరే, చివరి ప్రశ్న, ఏమని ప్రార్థించాలి. మా దగ్గర ఏం చేస్తామో చెప్తాను, మీకు నచ్చింది తీసుకోండి.

"బాధితులందరినీ ఆదరించు" అన్న ప్రార్థన మా బృందంలో నిషేధం. సరదాకి కాదు, నిజంగానే. ఒక్కో విన్నపం ఒక్కో మనిషి గురించో, ఒక్కో పని గురించో ఉండాలి. శిథిలాల కింద బతికున్నవాళ్లలో ఎక్కువమంది మొదటి రెండు మూడు రోజుల్లోనే దొరుకుతారు, కాబట్టి ఆ రోజుల్లో తవ్వేవాళ్ల చేతుల కోసం, యంత్రాలు చేరడానికి దారులు తెరుచుకోవడం కోసం. నిద్ర లేకుండా కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు ఎత్తేవాళ్ల కోసం. కరెంటు స్తంభాలు ఎక్కేవాళ్ల కోసం. శవాలను గుర్తుపట్టడానికి కుటుంబాల్ని లోపలికి తీసుకెళ్లే మనిషి కోసం. ఈ చివరివాళ్ల కోసం ఎవరూ ప్రార్థించరు, మీరు ప్రార్థించండి. భూకంపమైతే అది ఏ రోజు ఏ గంటకు వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి, ముందు రాత్రి జాగరణ ఉండదు. వచ్చేదంతా ఆ తర్వాతి ప్రార్థనే.

ఇలా పేరుపేరునా అడగడంలో ఒక చిక్కుంది. ఎవరికి ఏం కావాలో తెలుసుకోవాలి. తెలుసుకున్నాక ఊరికే ఉండలేం. ఒక రాత్రి పదకొండు మందిమి ఫోన్ కాల్‌లో ప్రార్థిస్తున్నాం. ఒకావిడ విన్నపం చదివింది. శిబిరంలో ఒక పెద్దాయన తెచ్చుకున్న ఇన్సులిన్ చల్లగా ఉంచే దారి లేక పాడైపోయేలా ఉంది. ఇంకా ఎవరూ ప్రార్థన మొదలుపెట్టకముందే లైన్లో ఒకతను, "ఒక్క నిమిషం, మా ఆఫీసులో జనరేటర్ మీద ఫ్రిజ్ నడుస్తోంది, ఆయన ఏ శిబిరంలో ఉన్నాడు?" అన్నాడు. అంతే, ప్రార్థన పక్కకు పోయింది. ఎవరు తాళం తీయాలి, ఎవరి బండి ఆ నీళ్లలో వెళ్తుంది అని అందరం ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాం. ఆ రాత్రి కాల్ ఆమేన్ లేకుండానే ముగిసింది. ఆదిమ సంఘం కూడా ఇలాంటిదే. లోకమంతటా కరువు వస్తుందని అగబు అనే ప్రవక్త చెప్పినప్పుడు అంతియొకయ శిష్యులు ఏం చేశారో అపొస్తలుల కార్యములు 11లో ఉంది. ఒక్కొక్కరు తమ శక్తి కొద్దీ సొమ్ము పోగుచేసి బర్నబా, సౌలు చేతికిచ్చి పంపించారు. కరువు తప్పించమని కూడా ప్రార్థించే ఉంటారు, కానీ లూకా రాసింది ఆ డబ్బు గురించి.

శిబిరంలో ప్రార్థించాల్సి వస్తే ముందు అడగండి, "ప్రార్థించనా?" అని. వద్దంటే ముఖం చిన్నబుచ్చుకోకండి. ప్రార్థనకు కూర్చుంటేనే దుప్పటి అన్నట్టుగా ఎప్పుడూ, ఏ రూపంలోనూ ఉండకూడదు. రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థలు 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో, సహాయాన్ని ఏ రాజకీయ, మత దృక్పథాన్ని ముందుకు తీసుకెళ్లడానికీ వాడకూడదని స్పష్టంగా ఉంది. నియమావళి సంగతి అటుంచండి, యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు గాయపడినవాడి మతం అడగలేదు, తన మతం చెప్పలేదు, నూనె పోశాడు. ఇంకొకటి, ఫార్వర్డులు. "అర్జెంట్ ప్రార్థన, అందరికీ పంపండి" అని వచ్చేవాటిలో పాత విపత్తుల ఫోటోలు ఎన్నో. ఒక్క ఫోన్ చేసి నిజమో కాదో తెలుసుకోనిదే మేం పంపం. అబద్ధపు విన్నపం మీద చేసిన ప్రార్థన దేవుడు వింటాడేమో కానీ, రెండోసారి జనం మన మెసేజ్ తెరవరు.

మా డైరీలో ప్రతి విపత్తుకూ ఆరో వారం, ఆరో నెల, ఏడాది అని మూడు తేదీలు ముందే రాసి పెట్టుకుంటాం. ఆరో వారం ముఖ్యం. అప్పటికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయి ఉంటారు, పరిహారం కాగితాలు ఎక్కడో ఆగి ఉంటాయి, రాత్రిళ్లు వాన చప్పుడు వింటే పిల్లలు లేచి కూర్చుంటుంటారు.

ఇక మీ ఆదివారం. సాక్ష్యం చెప్పండి, తప్పించుకోవద్దు. "మేం బతికాం, అందుకు దేవునికి స్తోత్రం" అనండి, అది నిజం. "మా ప్రార్థన వల్లే తుఫాను అటు పోయింది" అనకండి, అది మీకు తెలియదు. దానికంటే ముందు, శనివారం లోపు తుఫాను పడిన చోట ఉన్న ఏదో ఒక సంఘానికి ఫోన్ చేయండి. ఎవరూ తెలియకపోతే తెలిసినవాళ్లను పట్టుకోండి. ఏం కావాలో అడిగి రాసుకుని, ఆ కాగితాన్నే సాక్ష్యంగా మైకులో చదవండి. మొన్న నేను చేసినప్పుడు అవతలివాళ్లు చెప్పినవాటిలో టార్పాలిన్లు, క్లోరిన్ బిళ్లలు నేను ఊహించినవే. నాలుగోది మాత్రం ఊహించలేదు: చదువుకునే కళ్లద్దాలు, ఏ నంబర్ అయినా పర్వాలేదు. ముసలివాళ్ల కళ్లద్దాలన్నీ నీళ్లలో పోయాయట. బైబిలు సంగతి తర్వాత, మందుల సీసా మీద ఏం రాసి ఉందో కూడా కనబడటం లేదట. ఆ ఆదివారం ఈ ముక్క చదివాక మా హాల్లో చాలామంది జేబులు తడుముకున్నారు. సాయంత్రానికి ముప్పై ఎనిమిది జతలు వచ్చాయి, రెండింటికి ఒక కాడ లేదు.